విన్సన్ ఎక్కి వచ్చాను: ఖర్చు, ఎదురుచూపు, ఒక పేరు సంగతి

రాయగిరి దగ్గరి ప్లాటు రిజిస్ట్రేషన్ అయిపోయింది. ఆఫీసు బయట చెట్టు కింద నిలబడ్డాం. పొద్దుటి నుంచీ ఒక్క మాటా అనని అమ్మ ఆటో ఎక్కుతూ అడిగింది.

"బిడ్డా, గా కొండ పేరేందంటివి?"

"విన్సన్."

"అక్కడ మనుషులే ఉండరంటివి గదా. మరి పేరెవలు పెట్టిన్రు?"

అది అంటార్కిటికాలో అన్నిటికంటే ఎత్తైన శిఖరమని, 4,892 మీటర్లని, ఎక్కాలంటే యాభై వేల డాలర్ల పైన కావాలని తెలుసు. పేరు సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు. "ఎవరో అమెరికావోడి పేరు లేమ్మా" అని తప్పించుకున్నాను. "ప్లాటు అమ్ముకొని పోతున్నవ్, ఎవని పేరో అడగవా?" అంది. దారి పొడుగునా మళ్ళీ మాట్లాడలేదు.

2025 జనవరి 23న తిరిగొచ్చాను. కుడిచేతి చూపుడువేలి కొస ఇంకా మొద్దుగానే ఉంది, ఫోన్ తెరవాలంటే మధ్యవేలు వాడుతున్నాను. వెళ్ళాలనుకునేవాళ్ళు ముగ్గురు నలుగురు వివరాలు అడిగారు. ఒకే విషయం నాలుగుసార్లు చెప్పే ఓపిక లేక మొత్తం ఇక్కడే రాస్తున్నాను.

మా ఊరు భువనగిరి. మా డాబా మీంచి చూస్తే గుట్ట ఎదురుగా ఉంటుంది. చాళుక్యరాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరు మీద త్రిభువనగిరి అయిందని, అదే జనం నోట్లో భువనగిరిగా మిగిలిందని బాపు చిన్నప్పటి నుంచీ చెప్పేవాడు. ఆ బండ మీదే రాక్ క్లైంబింగ్ స్కూల్లో 2016లో మొదటిసారి తాడు పట్టుకున్నాను. తర్వాత డార్జిలింగ్‌లో బేసిక్ కోర్సు, 2019లో ఆఫ్రికాలోని కిలిమంజారో, 2022లో రష్యాలోని ఎల్‌బ్రస్. ఈ జాబితా ఎందుకు చెబుతున్నానంటే, డబ్బు కట్టినంత మాత్రాన విన్సన్‌కు తీసుకెళ్ళరు. 2024 మార్చిలో యాత్ర నడిపే కంపెనీకి దరఖాస్తు పంపితే ముందు అడిగింది ఇదే: ఏ కొండలు ఎక్కావు, ఎంత ఎత్తులో పడుకున్నావు, మంచు మీద తాడు పట్టుకుని నడిచావా. పదకొండు రోజుల తర్వాత జవాబు వచ్చింది. తర్వాత డాక్టరు సంతకంతో నాలుగు పేజీల ఫారం.

డబ్బు గురించి దాచను. కంపెనీకి కట్టింది 52 వేల డాలర్లు, అప్పటి రేటు ప్రకారం 43 లక్షల 70 వేలు. ఏప్రిల్‌లో కొంత అడ్వాన్సు, ఆగస్టులో మిగతాది. ఆగస్టులో బ్యాంకుకు పోతే అక్కడి అమ్మాయి కంప్యూటర్ వైపు చూసి, "మేడమ్, టీసీఎస్ కూడా కట్టాలి" అంది. విదేశీ టూర్ ప్యాకేజీకి పంపే డబ్బులో ఏడాదికి మొదటి ఏడు లక్షల మీద 5 శాతం, దాటిన దానిమీద 20 శాతం పన్ను ముందే పట్టుకునేవారు (నేను కట్టిన 2024 లెక్క ఇది, మీరు పోయేటప్పుడు కనుక్కోండి). నా లెక్కన ఏడున్నర లక్షల పైమాటే. రిటర్న్ వేశాక తిరిగి వస్తుంది, నిజమే. కానీ ఆ రోజు ఆ ఏడున్నర లక్షలు నా చేతిలో ఉండాలి కదా. బ్యాంకు మెట్ల మీద కూర్చుని తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు పెళ్ళికి దాచుకున్న డబ్బులోంచి పంపాడు. వాడి పెళ్ళి మే నెలలో. నా రిఫండ్ అప్పటికి వస్తుందో లేదో వాడికీ నాకూ తెలియదు.

మిగతావి: విమానం టికెట్లు రెండు లక్షల నలభై వేలు, సామాన్లు కొన్నవీ అద్దెకు తెచ్చినవీ కలిపి రెండు లక్షల ఎనభై, రెస్క్యూ ఇన్సూరెన్సు అరవై రెండు వేలు, అంటార్కిటికా విమానం ఎక్కే చిలీ ఊరు పుంటా అరెనాస్‌లో హోటలు దగ్గర దగ్గర లక్ష. మొత్తం యాభై లక్షలు దాటింది. ప్లాటు ముప్పై ఒకటి ఇచ్చింది. నేను పనిచేసే ఆఫీసు ఐదిచ్చి, తమ బొమ్మ ఉన్న జెండా శిఖరం మీద పట్టుకోమంది. ఆ జెండా నా వేలికి ఏం చేసిందో తర్వాత చెబుతాను.

సాధన కోసం రోజూ పొద్దున నాలుగున్నరకు చెరువు కట్ట మీద నడుముకు తాడు కట్టుకుని రెండు కారు టైర్లు లాగేదాన్ని. అక్కడ సామాను స్లెడ్జి మీద పెట్టి లాగాలి, దానికి ఇంతకంటే మంచి సాధన లేదు. వాకింగ్‌కు వచ్చే పెద్దాయన ఒకరు వారం రోజులు చూసి చూసి, "ఏమన్న మొక్కున్నదా అమ్మా?" అని అడిగారు. ఉందన్నాను.

చిలీ వీసాకు అక్టోబరులో ఆన్‌లైన్‌లో పెట్టాను, ఇరవై ఆరు రోజులు పట్టింది. రెండుసార్లు బ్యాంకు స్టేట్‌మెంట్ మళ్ళీ అడిగారు. ప్లాటు అమ్మిన డబ్బు ఒక్కసారిగా వచ్చి ఒక్కసారిగా పోయినట్టు కనబడుతుంది కదా, సేల్ డీడ్ కాపీ జత చేశాక కదిలింది. ఇది గుర్తుపెట్టుకోండి.

డిసెంబరు 27న హైదరాబాద్ నుంచి బయలుదేరాను. దోహా, సావో పాలో, చిలీ రాజధాని శాంటియాగో, అక్కడి నుంచి పుంటా అరెనాస్. 29 రాత్రికి చేరాను. శాంటియాగోలో తిండి పదార్థాలు, విత్తనాలు, పండ్లు ఉంటే తప్పకుండా రాసివ్వాలి, లేకపోతే జరిమానా. అమ్మ కట్టిన మూటలన్నీ బల్ల మీద పరిచాను. కారప్పొడి డబ్బా మూత తీసి వాసన చూసిన ఆఫీసరు మూడుసార్లు తుమ్మి, నవ్వి, పొడి వదిలేశాడు. పచ్చి పల్లీలు, ఎండుమిర్చి తీసుకున్నాడు. పల్లీలు పోయినందుకు నాకు చాలా బాధేసింది, ఎందుకో ఇప్పటికీ తెలియదు.

30న సామాన్ల తనిఖీ. గైడు హోటల్ గదికి వచ్చి మంచం మీద ఒక్కో వస్తువూ పెట్టించి చూశాడు. హైదరాబాద్‌లో పదకొండు వేలు పెట్టి కొన్న చేతి తొడుగుల్లో చెయ్యి పెట్టి చూసి, తల అడ్డంగా ఊపాడు. అక్కడే మందపాటి మిట్టెన్లు (నాలుగు వేళ్ళూ ఒకే సంచిలో ఉండే తొడుగులు) అద్దెకు తీసుకోవాల్సి వచ్చింది. మూడు పొరల బూట్లు కూడా ఆ ఊళ్ళోనే అద్దెకు దొరుకుతాయి. ఇంటి నుంచి మోసుకుపోకండి.

జనవరి 2న అంటార్కిటికా విమానం అన్నారు. 2న పొద్దున ఆరింటికి ఫోన్: అక్కడ గాలి ఎక్కువగా ఉంది, సాయంత్రం చెబుతాం. సాయంత్రం: రేపు పొద్దున చెబుతాం. అలా మూడు రోజులు. పిలిస్తే అరగంటలో బయలుదేరాలి కాబట్టి ఊరు దాటడానికి లేదు. సామాను అప్పటికే విమానంలోకి వెళ్ళిపోయింది, ఒంటి మీద ఒకటే జత. రోజూ రాత్రి బాత్రూంలో ఉతుక్కుని హీటర్ మీద ఆరేసుకునేదాన్ని. ఊరి నడుమ చౌరస్తాలో మెజెల్లన్ విగ్రహం ఉంది. దాని కింద కూర్చున్న ఆదివాసి విగ్రహం కాలిబొటనవేలు ముట్టుకుంటే మళ్ళీ ఈ ఊరికి వస్తారట, జనం ముట్టుకుని ముట్టుకుని అది తళతళలాడుతోంది. నేను రోజుకు రెండుసార్లు ముట్టుకున్నాను. మొక్కితే మొక్కాలి, అందులో మొహమాటమెందుకు.

5న మధ్యాహ్నం పిలిచారు. బోయింగ్ 757. నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. ఎక్కేటప్పుడు టీ షర్టు మీద ఉన్నవాళ్ళం, దిగడానికి గంట ముందు అందరం సీట్ల మధ్య నిలబడి పొర మీద పొర తొడగడం మొదలుపెట్టాం. అంటార్కిటికాలో మేం దిగిన యూనియన్ గ్లేసియర్ రన్‌వే అంటే నీలం మంచుగడ్డ, అంతే. దాని మీద చక్రాలతోనే దిగుతుంది. విమానం ఆగడానికి పట్టినంత సేపు పక్కసీటు ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. నేనూ ఆవిడ చెయ్యి వదల్లేదు.

తలుపు తీయగానే తగిలింది చలి అనుకున్నాను. అది చలి కాదని తర్వాత తెలిసింది.

6న స్కీల మీద దిగే చిన్న ట్విన్ ఆటర్ విమానంలో ముప్పావు గంటలోపే బేస్ క్యాంప్. 2,140 మీటర్ల ఎత్తు, బ్రాన్స్‌కోంబ్ హిమానీనదం మీద పసుపురంగు టెంట్లు. 7న అంతా ప్రాక్టీసు: తాడు కట్టుకోవడం, మంచుపగులులో పడితే ఏం చెయ్యాలి, స్లెడ్జి వెనక్కి జారకుండా ఎలా కట్టాలి. ఆ రాత్రి (సూర్యుడు నడినెత్తిన లేడన్న మాటే గానీ రాత్రంటూ లేదు) భోజనాల టెంటులో గోడకు వేలాడదీసిన మ్యాపు చూస్తూ అమ్మ ప్రశ్న గుర్తొచ్చింది. గైడును అడిగాను. ఆయన న్యూజిలాండ్ మనిషి, మాటలు తక్కువ. ఈ ప్రశ్నకు మాత్రం రెండు గంటలు చెప్పాడు.

1935 నవంబరు 23న లింకన్ ఎల్స్‌వర్త్ అనే అమెరికన్, పైలట్ హాలిక్-కెన్యన్‌తో కలిసి ఖండం ఒక కొస నుంచి రెండో కొసకు ఎగిరాడు. దారిలో మంచులోంచి లేచిన ఈ వరుసను చూసి సెంటినెల్ అని పేరు పెట్టాడు. అంటే కాపలావాడు. కావలి కాయడానికి అక్కడ ఏముందో మరి. మొత్తం పర్వతాలకు తర్వాత ఎల్స్‌వర్త్ పేరే వచ్చింది. కానీ అన్నిటికంటే పెద్దదాన్ని 1958 జనవరిలో అమెరికా నేవీ విమానాల్లోని వాళ్ళు చూసేదాకా ఎవరూ చూడలేదు.  ఒక ఖండంలోని అతి ఎత్తైన కొండను మనిషి చూసి, నేను వెళ్ళేనాటికి అరవై ఏడేళ్ళు. మా బాపు వయసు కంటే తక్కువ.

పేరు పెట్టింది వాషింగ్టన్‌లో కూర్చున్న కమిటీ. అంటార్కిటికా పేర్ల కోసం అమెరికా ప్రభుత్వానికి ఒక సలహా కమిటీ ఉండేది. కార్ల్ విన్సన్ జార్జియా రాష్ట్రపు ఎంపీ, 1914 నుంచి 1965 దాకా, యాభై ఏళ్ళు. చట్టసభలో సైనిక వ్యవహారాల కమిటీ ఛైర్మన్. అంటార్కిటికా యాత్రలకు విమానాలూ ఓడలూ నేవీవి, నేవీ పద్దు ఆయన చేతుల మీదుగా పోవాలి. యాత్రలకు ఆయన అండగా నిలిచాడని కొండకు ఆయన పేరు పెట్టారు. ఆయన ఈ కొండ ఎక్కింది లేదు. ఒక విమానవాహక యుద్ధనౌకకు కూడా ఆయన పేరే ఉంది. 1980లో ఆ ఓడను నీళ్ళలోకి దింపినప్పుడు తొంభై ఆరేళ్ళ వయసులో దగ్గరుండి చూశాడట.

పక్క కొండలూ అంతే. టైరీ ఒక నేవీ అడ్మిరల్. షిన్ ఒక నేవీ పైలట్, 1956 అక్టోబరు 31న దక్షిణ ధ్రువం మీద మొదటిసారి విమానం దింపినవాడు. ఒక్కో దేశానికీ ఒక్కో పేర్ల కమిటీ. ఖండం ఎవరిదీ కాదు గనుక ఎవరి పేర్లు వాళ్ళు పెట్టుకుంటారు, ఒకే చోటికి రెండు మూడు పేర్లుండటమూ మామూలే. ఈ వరుసలో బల్గేరియా వాళ్ళు పెట్టిన పేర్లు బోలెడు.

"మరి మొదట ఎక్కినవాళ్ళ పేర్లు?" అని అడిగాను. ఆయన అప్పుడు మ్యాపు దగ్గరికి లేచాడు. 1966లో నికొలస్ క్లించ్ నాయకత్వంలో పదిమంది అమెరికన్లు వచ్చారు. డిసెంబరు 18న బారీ కార్బెట్, జాన్ ఎవాన్స్, బిల్ లాంగ్, పీట్ షోనింగ్ శిఖరం మీద నిలబడ్డారు. తర్వాతి రోజుల్లో మిగతా ఆరుగురూ ఎక్కారు. 2006లో ఆ కమిటీ విన్సన్ పర్వతం, విన్సన్ మాసిఫ్ రెండూ వేరని తేల్చింది. మాసిఫ్ అంటే ఇరవయ్యొక్క కిలోమీటర్ల పొడవు, పదమూడు కిలోమీటర్ల వెడల్పున పరుచుకున్న మొత్తం కొండముద్ద. దాని మీద ఉన్న చిన్న శిఖరాలకు ఆ పదిమందిలో చాలామంది పేర్లు పెట్టారు: క్లించ్, కార్బెట్, షోనింగ్, ఫుకుషిమా, సిల్వర్‌స్టీన్... ఎక్కినవాళ్ళకు చిన్న కొమ్ములు, పద్దు మంజూరు చేసినాయనకు పెద్ద కొండ. గైడు ఇది నవ్వుతూనే చెప్పాడు. నాకు మాత్రం మా ఊరి గుట్ట గుర్తొచ్చింది. త్రిభువనమల్లుడు దాన్ని ఎక్కాడో లేదో, కోటరాళ్ళు మోసినవాళ్ళ పేర్లు మాత్రం మా ఊళ్ళో ఎవరికీ తెలియవు.

8న లో క్యాంప్‌కు బయలుదేరాం. తొమ్మిది కిలోమీటర్లు, వీపు మీద పదిహేను కిలోలు, వెనక స్లెడ్జిలో ఇరవై పైన. చెరువు కట్ట టైర్లకు దండం పెట్టుకున్నాను. ఎండ ఉన్నంతసేపు చెమట పోస్తుంది, మబ్బు అడ్డమైతే ఆ చెమటే గడ్డకడుతుంది. జిప్పు తియ్యి, జిప్పు వెయ్యి, రోజంతా అదే పని. రెండో రోజుకల్లా నాలుకా పైఅంగిలీ మంట. కారప్పొడి అనుకున్నాను. కాదు, రొప్పుతూ నోరు తెరిచి నడుస్తుంటే మంచు మీంచి తిరిగొచ్చిన ఎండ నోట్లోపల కాల్చింది. ముక్కు రంధ్రాల లోపల కూడా క్రీమ్ రాయాలని ఎవరూ చెప్పలేదు, నేను చెబుతున్నాను.

లో క్యాంప్ 2,750 మీటర్లు. అక్కడ తెల్లవారుజామున సూర్యుడు కొండ వెనక్కి వెళ్ళి కొన్ని గంటలు నీడ పడుతుంది. ఆ గంటల్లో టెంటు లోపలి గుడ్డకు మన ఊపిరే మంచుపొడిగా అంటుకుని, కదిలితే మొహం మీద రాలుతుంది. ఎండ టెంటును తాకేదాకా ఎవ్వరూ బయటికి రారు. గడియారంతో పనిలేదు.

అందరూ మొహమాటపడి అడగని విషయం ఒకటి. అక్కడ ఏదీ వదిలిరాకూడదు. మలం కూడా. ఒక్కొక్కరికి సంచులిస్తారు, వాడి, ముడేసి, స్లెడ్జిలో కట్టుకుని తిరిగి తేవాలి. అవన్నీ విమానంలో చిలీకి పోతాయి. మూత్రానికి టెంటులో సీసా, బయట జెండా పాతిన ఒకే ఒక గుంట. ఆడవాళ్ళు గరాటు వాడటం ఇంట్లోనే నేర్చుకుని వెళ్ళండి, మైనస్ ఇరవై ఐదులో నేర్చుకునే విద్య కాదు అది. సీసాను పడుకునే సంచిలోనే పెట్టుకోవాలి, లేకపోతే పొద్దుటికి గడ్డ. నాకు లెక్క ప్రకారం రావలసినదానికి ఆరు రోజుల ముందే, హై క్యాంప్‌లో నెలసరి వచ్చింది. ఎత్తులో అలా అవుతుందట. అదనంగా సర్దుకున్నాను కాబట్టి సరిపోయింది. ఆ చెత్త కూడా మోసుకునే వచ్చాను.

10న హై క్యాంప్ దాకా కొంత సామాను చేరవేసి దిగాం. 11న మళ్ళీ ఎక్కి అక్కడే ఉండిపోయాం, 3,780 మీటర్లు. నడుమ పన్నెండు వందల మీటర్ల తాళ్ళున్న నిట్టచరివు, తాడును పట్టి ఉంచే జుమార్ అనే పరికరాన్ని పైకి జరుపుతూ ఎక్కాలి. భువనగిరి బండ మీద నేర్చుకున్నది ఒళ్ళు మర్చిపోలేదు. ఆ రోజు ఒక్కటే నేను నిజంగా సంతోషంగా ఉన్నాను.

12, 13 రెండు రోజులూ తుపాను గాలి. ముగ్గురం ఒక టెంటులో. బయటికి వెళ్ళాలంటే పది నిమిషాలు దుస్తులు తొడగాలి, వచ్చాక పది నిమిషాలు మంచు దులుపుకోవాలి, అందుకని నీళ్ళు తక్కువ తాగి తలనొప్పి తెచ్చుకున్నాను. 13 భోగి. ఇంటి ముందు మంట, గొబ్బెమ్మలు గుర్తొచ్చి దుఃఖం వచ్చింది. గాగుల్స్ లోపల ఏడిస్తే అద్దం మీద గడ్డకడుతుంది, అదొక తలనొప్పి. యాభై లక్షలు పెట్టి మంచులో దొర్లడానికి వచ్చానా అని మొదటిసారి అనిపించింది. పైగా ఆ కొండ ఎవరో ఎంపీది!

14న పొద్దున గాలి ఆగింది. పదింటికి బయలుదేరాం. హై క్యాంప్ నుంచి శిఖరానికి పోనురాను పద్నాలుగు కిలోమీటర్లు. చాలావరకు ఒక విశాలమైన లోయలో నెమ్మదిగా ఎక్కుతూ పోవడమే, విసుగు పుట్టేంత తెలుపు. చివర రాళ్ళూ మంచూ కలిసిన సన్నని గట్టు. సాయంత్రం నాలుగూ నలభైకి పైన ఉన్నాం. మైనస్ ముప్పై రెండు.

పైన ఏమీ అనిపించలేదు. అబద్ధం చెప్పను. ఊపిరి తీసుకోవడమే పనిగా ఉంది. రెండు మూడు నిమిషాల తర్వాత మల్లి మస్తాన్ బాబు గుర్తొచ్చారు. నెల్లూరు జిల్లా మనిషి, 2006 జనవరి 19న ఇక్కడ నిలబడి, ఇక్కడి నుంచే మొదలుపెట్టి 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలు ఎక్కారు. అప్పటికింకా కమిటీ పేర్లు వేరు చెయ్యలేదు, అందుకే ఆయన రికార్డుల్లో విన్సన్ మాసిఫ్ అనే ఉంటుంది. మా భువనగిరి బండ మీదే నేర్చుకున్న మాలావత్ పూర్ణ కూడా ఇక్కడికొచ్చింది. ఇంతదూరంలో, మనిషి పుట్టని చోట, నిలబడిన చోటే మనవాళ్ళు నిలబడ్డారన్నది అప్పుడు గట్టిగా తగిలింది. ఏడ్చాను. అద్దం గడ్డకట్టింది.

తర్వాత ఆఫీసు జెండా. ముడి విప్పడానికి పై మిట్టెన్ తీశాను. రెండు నిమిషాలు, అంతే. ఫొటో వచ్చింది, చూపుడువేలు కొస మైనంలా తెల్లగా అయింది. గైడు నా చెయ్యి లాక్కుని తన చంకలో పెట్టుకుని, ఆ న్యూజిలాండ్ యాసలో ఏమేమో తిట్టాడు. జెండాను ముందే కర్రకు కట్టి తీసుకుపోవాలి. యాభై లక్షల ప్రయాణంలో నేను నేర్చుకున్న అతి ఖరీదైన విషయం ఇదే.

హై క్యాంప్‌కు వచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర. శాటిలైట్ ఫోన్ నిమిషాల లెక్క. ఇంట్లో అప్పుడు కనుమ, పొద్దున ఆరు. అమ్మ ఎత్తింది.

"ఎక్కినవా?"

"ఎక్కిన."

"పేరెవలిదో తెలిసిందా?"

"తెలిసిందమ్మా. వచ్చినంక చెప్త."

15న బేస్ క్యాంప్‌కు దిగాం. మబ్బులు కిందికి దిగడంతో చిన్న విమానం 18 దాకా రాలేదు. 19న పుంటా అరెనాస్. స్నానం చేస్తుంటే నీళ్ళు నల్లగా పోయాయి. ఊళ్ళో రాత్రయితే చీకటి పడింది, పద్నాలుగు రోజుల తర్వాత చీకటి. లైటు తీసేసి కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాను.

20న శాంటియాగో విమానాశ్రయంలో టీవీ ముందు జనం. అమెరికా అధ్యక్షుడిగా ట్రంప్ రెండోసారి ప్రమాణం చేసిన రోజు. అలాస్కాలోని డెనాలి కొండ పేరును మళ్ళీ మెకిన్లీగా మారుస్తున్నట్టు ఆ రోజే ప్రకటించాడు. డెనాలి అంటే అక్కడి కొయుకాన్ జనం మాటలో ఎత్తైనది అని. 1896లో ఒక బంగారం వెతికేవాడు ఒక రాజకీయ నాయకుడి పేరు మీద మెకిన్లీ అన్నాడు, 2015లో డెనాలి అన్నారు, ఇప్పుడు మళ్ళీ ఇది. నా తర్వాతి కొండ అదే అనుకుంటున్నాను. దరఖాస్తులో ఏ పేరు రాయాలో అప్పటికి చూద్దాం.

23 తెల్లవారుజామున శంషాబాద్‌లో దిగాను. పెద్ద సంచి మూడు రోజులు ఆలస్యంగా వచ్చింది, అందులోని కారప్పొడి డబ్బా ఖాళీ. డాక్టరు వేలు చూసి, చర్మం ఊడిపోయి కొత్తది వస్తుంది, స్పర్శ రావడానికి నెలలు పట్టొచ్చన్నాడు.

ఇంటికొచ్చాక చదివి తెలుసుకున్నది ఒకటుంది. 1956లో, నల్లపిల్లలూ తెల్లపిల్లలూ ఒకే బడిలో చదవాలన్న కోర్టు తీర్పును వ్యతిరేకిస్తూ అమెరికా దక్షిణాది నాయకులు ఒక ప్రకటన మీద సంతకాలు పెట్టారు. కార్ల్ విన్సన్ సంతకం అందులో ఉంది. ఇది గైడు చెప్పలేదు, ఆయనకు తెలుసో లేదో. అమ్మకు చెప్పాను. మొత్తం చెప్పాను: విమానాలు, కమిటీ, యుద్ధనౌక, ఆ సంతకం. మొదట్లో 5,140 మీటర్లని లెక్కవేసి, తర్వాత 4,897 అని, 2004లో జీపీఎస్ పెట్టి 4,892 అని తేల్చిన సంగతి కూడా. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ వింది.

"మన గుట్టకు రాజు పేరు, ఆ గుట్టకు ఎంపీ పేరు. ఫరకేముంది?" అని, కాసేపాగి, "రాజు రాకముందు మన గుట్టను ఏమనేటోళ్ళో" అంది. బాపు దగ్గర కూడా దానికి జవాబు లేదు.

తర్వాత ఫోన్‌లో ఫొటోలు చూపించాను. శిఖరం మీంచి ఉత్తరంగా తీసిన ఫొటోలో వేలు పెట్టి అడిగింది.

"ఇదేంది?"

"షిన్."

"వాడెవడు?"

"విమానం నడిపెటోడమ్మా. దక్షిణ ధ్రువం మీద మొదట దింపిండు."

"వీడు నయం" అంది అమ్మ. "గంత దూరమన్నా పోయిండు."